బండ కాడ వంద లెక్క

ఘనపూర్ అడవిల దాగిన దళానికి రొట్టెలు మోసే పని నాకు ఒప్పజెప్పినప్పుడు, అంతకుముందు మోసినాయన ఒక చీటీ రాసిచ్చి మానుకోట దిక్కు పోయిండు. నాలుగు వరుసలు. పుట్ట కాడ కుడికి తిరుగు. వాగుల చెప్పులు చేత పట్టుకో. బండ మీద గంప దించి వంద లెక్కపెట్టు. అటెన్క గుట్ట ఎక్కు. ఏది ఎందుకో ఒక్క ముక్క లేదు.

నేను జనగామ దిక్కు మనిషిని, ఆ అడవి కొత్త. గంప బరువుకు నా మెడ ఛాతిలకు దిగబడ్డది. నేనింత పొట్టిగున్నది అందుకే, నమ్మితే నమ్మున్రి. ఆ దినం రొట్టెలతోపాటు జావ ముంత గూడ ఉండె. దళంల ఒక అక్కకు వారం సంది జరం, జావ తప్ప ఏదీ మింగుతలేదు. చీటీ రాసినాయన అలసిపోయి బండ కాడ కూసునేటోడేమో, నాకేం రోగమని ఆగకుండ గుట్ట ఎక్కిన.

పైన ఎవ్వరు లేరు. పొయ్యి రాళ్లు ఇంకా వేడిగనే ఉన్నయి. పొద్దుగూకేదాక కూసున్న. జావ పులిసింది. రొట్టెలను చీమలు ఊరేగింపు తీసినయి.

మూడోనాడు దళం పెద్ద దొరికి కడిగిపెట్టిండు.

"నువ్వు బండ కాడ ఆగితే, నీ ఎనుక ఎవడన్న వస్తుండా అని మేం చూస్తం. ఆగకుంటే పోలీసులు తరుముతున్నట్టు లెక్క. జరమున్న మనిషిని మోసుకుంట ఉరికినం. రెండు దినాలు ఆమె కడుపుల ఏం పడలే."

నెలకు మానుకోట కాడ చీటీ రాసినాయన కండ్లవడ్డడు. నా ఒళ్లు మండింది.

"ఎందుకో రాయకపోతివేందే అన్నా?"

"నాకు ఎరుకే గద తమ్మి."

"చీటీ నీకోసం రాసుకున్నవా?"

"పోలీసోళ్లకు దొరికితే?"

"తొవ్వంత రాసిపెడితివి. వాళ్లకు తొవ్వ సాలదా, కారణం గూడ కావాల్నా? సరే, వాగుల చెప్పులెందుకు ఇడవాలె?"

ఆయన బుర్ర గోక్కున్నడు. "ఏమో. నాకిచ్చినోడు గూడ రాయలే."

ఆ కోపంలనే కొత్త చీటీ రాసిన. ప్రతి వరుస పక్కన కారణం పెట్టిన. చెప్పుల కాడ 'ఎందుకో తెల్వదు, అయినా ఇడువున్రి' అని రాసిన. జరమొచ్చిన అక్క బతికింది గని, ఆ రెండు దినాల ఉరుకుడుకు, పస్తుకు కర్ర లేనిదే లేవలేకపాయె. చీటీ సదివి, నా చేతుల పెన్సిల్ గుంజుకొని బండ వరుస పక్కన ఇంకో మాట కలిపింది: 'ఒకడు ఆగలే. అందుకే నాకు కర్ర.'

చెరిపెయ్యమని బతిమాలిన.

"కారణం రాయాలె అన్నది నువ్వే గద తమ్మి" అన్నది.