సముద్రానికి కావలి లేని రోజు

ఏడో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. తప్పులుంటే మన్నించి చదువుకోండి...

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో బొగ్గుబాయి సైరన్ షిఫ్టు వేళకే మోగేది. వేళ కాని వేళ మోగిందంటే కింద ప్రమాదం జరిగినట్టే. పొయ్యి మీది కూర అలాగే వదిలేసి ఆడవాళ్లంతా బాయి గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. లోపలికి పోయినవాళ్ల కోసం బయట నిలబడడం మా అమ్మలందరికీ అలవాటే...

ఆ ఏడు క్రిస్మస్‌కు పక్క క్వార్టరు మార్త చిన్నమ్మ, కూతురు సునీతను తీసుకుని సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్లింది. సునీత, నేను ఒకే బెంచీ. సముద్రం ఎట్లుంటదో వచ్చి చెప్తానంది. వాళ్ల నాన్న పాల్ కాకకు ఆదివారం డ్యూటీ పడింది. తను ఆగిపోయాడు.

పండుగ మర్నాడు, ఆ ఆదివారమే, మా టీవీ ముందు వాడకట్టంతా చేరింది. సునామీ అనే మాట అదే మొదటిసారి వినడం... పడవలు ఇళ్ల మీద పడి ఉన్నాయి. చిన్నమ్మ పుట్టింటి వైపు కూడా అల వచ్చిందని చెప్పారు.

నాయనమ్మ మా నాన్న వైపు తిరిగింది. "ఆడ సైరన్ కొట్టలేదారా?"

"సముద్రానికి సైరన్ ఏందవ్వా..."

"మన బాయిల పైకప్పు పెళ్ల ఊడితేనే ఊరంత మోగిస్తరు. గంత సముద్రానికి ఒక్క కావలోడు లేడా?"



అమ్మ నన్ను వెంటబెట్టుకుని బాయి గేటుకు నడిచింది. వాడకట్టు ఆడవాళ్లూ వచ్చారు. షిఫ్టు దిగి మసి మొహంతో వస్తున్న పాల్ కాక మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని, వెనక్కి తిరిగి, తనతో పైకి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే చూసుకున్నాడు.

"అందరం వచ్చినం గద వదినా... ఎవల కోసం నిలబడ్డరు?"

"నీ కోసమే పాల్," అంది అమ్మ. "సముద్రం పొంగిందట... మార్త వాళ్ల ఊరి దిక్కు."

కాక ఇంటికి పోలేదు. మూలమీది ఫోన్ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. మొహం కూడా కడుక్కోలేదు. అమ్మ అన్నం తీసుకుపోతే, "ఫోన్ వచ్చినంక తింట వదినా" అన్నాడు.

తెల్లవారాక వచ్చింది ఫోన్. చిన్నమ్మ బతికింది. పిల్లలతో కలిసి ఇసుకలో ఆడుకోవడానికి వెళ్లిన సునీత దొరకలేదు...

ఇప్పుడు సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని, రాత్రింబవళ్లు సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లున్నారట. నీళ్ల అడుగున భూమి కదిలితే కొద్ది నిమిషాల్లోనే ఒడ్డున ఉన్న ఊళ్లకు కబురు వెళ్తుందట. ఆ రోజు కూడా, భూమి కదిలాక అల మన ఒడ్డుకు రావడానికి గంటలు పట్టిందట... చెప్పేవాళ్లే లేరు.

టీవీలో ఈ సంగతి విని, మొన్న మార్త చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను. 

"మంచిదే బిడ్డా," అంది చిన్నమ్మ. "మా సునీత మాట వినే పిల్ల. పిలిస్తే వచ్చేసేది. పిలవాలని మాకే తెలియలేదు."

ఆ రోజు మీవాళ్లెవరైనా సముద్రం దగ్గర ఉండిపోయి ఉంటే, వాళ్ల పేరు ఈ పోస్టు కింద రాయండి... ఒకసారి పిలుచుకున్నట్టయినా ఉంటుంది.