అరవై పన్నెండు

మా ఇంట్లో కాఫీ కంటే ముందు దాని చప్పుడు వచ్చేది. అమ్మ చేతులు వణికేవి. టంబ్లరు దబరాకి టకటకమని కొట్టుకుంటూ వంటింట్లోంచి బయలుదేరేది. ఎవరో ఒకరం ఎదురెళ్ళి అందుకుంటే ఆ చప్పుడు ఆగేది. అదొక జబ్బని మేమెవరం అనుకోలేదు. మా అమ్మమ్మ చేతులూ అంతేనట. పొడుగు జడ, పెద్ద కళ్ళు చెప్పినట్టే ఆ వణుకునీ చెప్పుకునేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళేలిన ఊళ్ళో, ఉప్పళం పేటలో ఉండేవాళ్ళం. నేను కాలేజీలో చదువుతూ ఎయిర్ రైఫిల్ పోటీలకి వెళ్ళేదాన్ని. ఆడపిల్ల చేతిలో తుపాకీ ఏమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నాకు చదువు అంతంత మాత్రం, పాట అసలే రాదు. గురి ఒక్కటే నాదంటూ ఉన్నది.

నేర్పింది మా మేనమామ. ఆయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. మా ఊళ్ళో అలాంటి వాళ్ళని సొల్దా అంటారు. పెళ్ళి చేసుకోలేదు, మా మిద్దె మీద గదిలోనే ఉండేవాడు. సైన్యం అంత తొందరగా ఎందుకు వదిలేశావని అడిగితే, అక్కడి చలి పడలేదనేవాడు. కాఫీ టంబ్లరు రెండు చేతులా పట్టుకుని తాగేవాడు. అది కూడా చలిదేశపు అలవాటేనట. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, లెక్కపెట్టడం మాత్రం ఫ్రెంచిలో. చిన్నప్పుడు దాగుడుమూతలకి నాకూ ఆ అంకెలే నేర్పాడు. మా ఇంట్లో దాక్కునే చోట్లు తక్కువ కాబట్టి అరవై దాకా వస్తే సరిపోయేది. ఆ పైన నేను నేర్చుకోనే లేదు.

సరిగ్గా జాతీయ పోటీలకి మా జట్టు ఎంపిక దగ్గరపడే వేళకి నా గురి చెడింది. నల్లచుక్క నడుమ పడాల్సిన గుండ్లు చెల్లాచెదురయ్యాయి. ట్రిగర్ మీద పెట్టేసరికి వేలు తనంతట తాను కదిలేది. భయం అన్నాడు శిక్షకుడు. నిద్ర చాలడం లేదన్నాడు నాన్న. అమ్మ తుపాకీకి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తెచ్చి తిప్పింది. తిప్పుతుంటే సగం ఉప్పు నేలపాలైంది. నేను మాత్రం లోపం తుపాకీదే అని మొండికేశాను. తుపాకీదే కావాలి. కాకపోతే ఆ లోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు రోజూ కాఫీతో పాటు వినబడుతూనే ఉంది.

మొదట గుండ్లని అనుమానించాం. అవి బఠాణీగింజ కంటే చిన్నవి, సీసంతో చేసినవి. మేం రవలు అనేవాళ్ళం. ఆ డబ్బాని మామ ఉప్మా డబ్బా అని ఏడిపించేవాడు. నగల త్రాసులో ఒక్కొక్క రవనీ తూచి, బరువు కుదరనివి ఏరి పక్కన పెట్టాడు. గుండ్లు మారాయి గానీ గురి మారలేదు. ఇక మిగిలింది వేగం. తుపాకీలో గాలి బలం తగ్గిందేమో చూడాలన్నాడు.

వేగం కొలిచే పెట్టెని ఆయన పాత స్నేహితుడొకడు ఫ్రాన్సు నుంచి సెలవులకి వస్తూ తెచ్చిపెట్టాడు. దాని పైన ముందొకటి, వెనకొకటి, రెండు కళ్ళు. గుండు నీడ మొదటి కంటి మీదుగా, ఆ వెంటనే రెండో కంటి మీదుగా పోతే, సెకనుకి ఎన్ని మీటర్లో అంకె పడుతుంది. మా మిద్దె మీది ఎండకి ఆ కళ్ళు చెదిరి పిచ్చి అంకెలు చూపించాయి. మామ తన తెల్లపంచె తెచ్చి బట్టలారేసే తీగల మీద పందిరి వేశాడు. దొర మిషన్‌కైనా మన పంచె నీడే దిక్కయిందని నవ్వాడు.

నా తుపాకీ బాగున్నట్టయితే నూట డెబ్బై దాటాలి. పిట్టగోడకి ఆనించిన చెక్కపెట్టెలో పాత గుడ్డలు కుక్కి, అందులోకి కాల్చాను. మామ మిషన్ పక్కన కూర్చుని అంకె చదివాడు.

"సాం సొసాంత్ దూజ్."

సాం అంటే నూరు. సొసాంత్ అంటే అరవై. చివర నాకు వినబడింది దూ, అంటే రెండు. మళ్ళీ కాల్చాను, మళ్ళీ సాం సొసాంత్ అనే అన్నాడు. ఎన్నిసార్లు కాల్చినా సొసాంత్ దాటలేదు.

పది తగ్గిపోయింది గదా మామా అన్నాను. నాకు నవ్వు ఆగడం లేదు. ఒక వస్తువు పాడైనందుకు అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే. మామ నా మొహం చూశాడు, మిషన్ వైపు చూశాడు, అవునన్నట్టు తలూపాడు.

వేగం తగ్గితే గుండు కిందికి పడాలి. నావి పైకీ పోతున్నాయి, పక్కలకీ పోతున్నాయి. ఆ మాత్రం నాకూ తెలుసు. తెలిసీ ఆ ఊసెత్తలేదు.

తుపాకీని చెన్నైలో బాగుచేసే మనిషి దగ్గరికి పంపాం. ఇందులో ఏ లోపమూ లేదు, ఊరికే తిప్పి పంపడం ఎందుకని రబ్బరు వాషర్లు మార్చానని కబురు చేశాడు. ఆయనకి పని రాదని నేను తేల్చేశాను. తుపాకీ తిరిగొచ్చాక మిద్దె మీద మళ్ళీ పంచె కట్టాం. ఈసారి నేను కాలుస్తా, నువ్వు చూసి చెప్పు అన్నాడు మామ. ఇన్నేళ్ళూ నోటితో నేర్పాడే గానీ నా ముందు ఏనాడూ కాల్చలేదు. తుపాకీని బియ్యం మూట మీద ఆనించి బోర్లా పడుకున్నాడు.

పెట్టె మీద నూట డెబ్బై రెండు పడింది. తరవాత నూట డెబ్బై ఒకటి. మళ్ళీ డెబ్బై రెండు.

"బాగైపోయింది మామా. పది పెరిగింది."

ఆయన లేవలేదు. "పెరగలా పాపా. అప్పుడూ ఇంతే ఉండె."

"అప్పుడు నూట అరవై రెండన్నావు గదా."

"అరవై పన్నెండన్నా. వాళ్ళ భాషలో డెబ్బైకి వేరే మాట లేదు. అరవై మీదనే పది, పదకొండు, పన్నెండు అని పోతారు. నేను పన్నెండని దూజ్ అంటే నీకు రెండని దూ వినబడె."

దాగుడుమూతలు ఇంకాస్త పెద్ద ఇంట్లో ఆడుకుని ఉంటే నాకా సంగతి తెలిసేది. ఆ రోజే చెప్పలేదేమని అడిగాను. నాకు కోపం రావాలి, కానీ రాలేదు. భయం వేసింది.

"నీ మొగంలో ఆ సంతోషం చూసినాక చెప్పేదానికి నోరు రాలా. రిపేరుకు పోయొస్తే నీకు ధైర్యం వచ్చి చెయ్యి నిలుస్తుందేమో అనుకొంటి."

మాట్లాడుతూనే మళ్ళీ గురిపెట్టాడు. అప్పుడు ఆయన చేతిని చూశాను. ట్రిగర్ మీద వేలు తనంతట తాను అటూ ఇటూ ఆడుతోంది. ఆ కదలిక నాకు కొత్త కాదు.

"చలి కాదు గదా మామా" అన్నాను.

"యాడ చలి" అన్నాడు. "నాకూ ఈ వేలితోనే మొదలాయె."

మెట్ల మీద టకటకమని చప్పుడు వినబడింది. అమ్మ మా ఇద్దరికీ కాఫీ తెస్తోంది. ఎదురెళ్ళి ఆమె చేతిలోంచి అందుకున్నాను. చప్పుడు ఆగలేదు.