ఎడమ చెవులు చూసిన ఊళ్ళు

మొన్న మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోనులో ఏదో రాసుకుంటూ, "మామ్మా, విజయనగరంలో రూము తీసుకుని ఉంటే మూడు రోజుల్లో చుట్టుపక్కల ఏమేం చూసి రావచ్చు?" అని అడిగింది. రామతీర్థం, అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, ఎక్కడికైనా పొద్దున బయల్దేరి సాయంత్రానికి రూముకొచ్చి పడొచ్చని గడగడా చెప్పేశాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని, "అన్నీ చూసేశావా! ముఖలింగంలో శిల్పాలు ఎలా ఉంటాయి?" అంది. ముఖలింగం ఎన్నోసార్లు వెళ్ళాను గానీ శిల్పాల సంగతి నన్నడిగితే ఏం చెప్పను? ఆ ఊళ్ళన్నిటిలోనూ నేను చూసినవి చెవులు. అందులోనూ ఎడమ చెవులు.

అరవైల చివర్లో, పందొమ్మిదేళ్ళ వయసులో, విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. మావారికి ఆఫీసు, అత్తగారికి మడి, నాకు పొయ్యి. కోట గోడ మా మేడ మీంచి కనిపించేది, దాని లోపలేముందో చూపించమంటే మావారు "ఎక్కడికి పోతుంది, తర్వాత చూద్దువుగాని" అనేవారు. అలాంటి నాకు నెలకోసారి విడుదల దొరికేది. పొందూరు పక్క పల్లె నుంచి మా వదిన, అంటే మావారి అక్క, పుట్టింటికి వచ్చేది. వచ్చిన మర్నాడే ఏదో ఒక క్షేత్రానికి ప్రయాణం. తోడుగా నేను. వీధిలో అడిగిన వాళ్ళకి అత్తగారు, "మా పిల్లకి గుళ్ళంటే పిచ్చమ్మా" అని చెప్పి తలుపు వేసేసేవారు.

గుళ్ళ పిచ్చి కాదు. వదిన భర్త, నాకు అన్నయ్య వరస, అప్పటికి మూడేళ్ళ కిందట ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఒకనాడు వదిన ఏడాదిన్నర పాపని ఆయనకి అప్పగించి పొలానికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని కునుకు తీశాడు. పాప పెరట్లో నూతిలో పడి చనిపోయింది. నెల తిరక్కుండా ఆయన కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. గడ్డం పెంచి సాధువుల్లో తిరుగుతున్నాడని ఎవరో చూసొచ్చి చెప్పారు. అత్తవారి ఊళ్ళో ఉండి వెతకడానికి వెళ్తానంటే ఊరుకోరు. విజయనగరమైతే పుట్టిల్లు, పైగా ఎటు వెళ్ళడానికైనా రైలో బస్సో ఉంటుంది. అందుకని మా ఇంట్లో దిగి మూల మూలకీ వెతుక్కునేది.

చిన్నప్పుడు చెవిపోగు మేకుకి తగులుకుని ఆయన ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయిందట. "గెడ్డాలు పెరిగితే మొకాలు మారిపోతాయి పిల్లా, సెవులు మారవు" అనేది వదిన. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు కాబట్టి నాకూ అదే గుర్తు. గుడి ముందు బైరాగుల వరసలో ఒక చివర్నించి వదిన, రెండో చివర్నించి నేను, గుప్పెడు బియ్యం పోస్తూ వంగి జుట్టు కింద చెవి చూడాలి. రామతీర్థంలో ఒక ముసలి సాధువు నేను మరీ వంగేసరికి చెవి పట్టుకుని, "ఏటి తల్లీ, నా సెవిలో పురుగేటైనా దూరినాదా?" అన్నాడు. ఆ రోజు జట్కా ఎక్కేదాకా ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. వదిన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ప్రతి ప్రయాణానికీ ఒక పొందూరు పంచె, డబ్బా నిండా చిమ్మిలి ఉండలు తెచ్చేది. నువ్వులూ బెల్లమూ తనే రోట్లో దంచేది, ఆయనకి ప్రాణమట. దొరికేసరికి ఆకలి మీద ఉంటాడని ఆమె లెక్క. దొరికేవాడు కాదు. తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక పంచె మడత సర్దుకుని, డబ్బా మూత తీసి నా ఒళ్ళో పెట్టేది. "తినీయే. మళ్ళీ నెలకి కొత్తవి దంచుతాను" అనేది. నేను తినేదాన్ని. నిజం చెప్పాలంటే, వెళ్ళేటప్పుడే నా మనసు ఆ డబ్బా మీద ఉండేది. కిటికీ పక్క సీటు, మొహానికి గాలి, నోట్లో చిమ్మిలి. ఆయన దొరికితే ఇవన్నీ ఆగిపోతాయని ఒకసారి అనిపించి నా మీద నాకే అసహ్యమేసింది. అసహ్యమేసినా తినడం మానలేదు.

రెండో ఏడు చలికాలంలో ముఖలింగం వెళ్ళాం. వంశధార పల్చబడి ఇసక తేలింది. వదిన పెద్దగుడి వైపు వెళ్ళింది, నేను ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరుడి గుడి వైపు వెళ్ళాను. గోడకి చేరబడి ఒకాయన బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాడు. వంగి చూశాను. తమ్మె రెండు ముక్కలుగా వేలాడుతోంది. నేనెటు చూస్తున్నానో గ్రహించి ఆయన చప్పున అరచేత్తో చెవి మూసుకున్నాడు. ఇక అనుమానమేముంది?

"నిన్ను ఆవిడే అంపినాదా?" అన్నాడు. తల ఊపాను. ఆయన చెయ్యి తియ్యలేదు. "సెప్పకు తల్లీ. పాపని నాకొగ్గేసి ఎల్లినాది. ఆవిడ మొకం నానేటని సూడను?"

కేకెయ్యాలనే అనుకున్నాను. వెయ్యలేదు. పెద్దగుడి దగ్గరికి నడిచి వెళ్ళేసరికి వదిన ఎదురొచ్చి, ఎప్పటిలాగే, "ఏటే, ఉన్నాడా?" అంది. "లేడు వదినా" అన్నాను. ఆయన మీద జాలేసిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. జాలి ఉంది, కాదనను. దాని వెనక కిటికీ పక్క సీటు కూడా ఉంది. ఈ నెలకి ఊరుకుందాం, వచ్చే నెల మెల్లిగా చెబుదాం, ఈలోగా ఆయన మనసూ మెత్తబడుతుంది అనుకున్నాను. బస్సులో వదిన డబ్బా నా ఒళ్ళో పెట్టింది. కడుపులో నొప్పిగా ఉందన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి మూత పెట్టేసింది.

మరుసటి నెల నేనే పట్టుబట్టి ముఖలింగం తీసుకెళ్ళాను. గోడ దగ్గర ఎవరూ లేరు. పూలమ్మే ఆవిడ, "ఆ సెవి సీలినాయనా? ఎల్లిపోయి నెలవతాది. ఎటెల్లినాడో ఎవులికెరుక" అంది. నేను చూసిన రోజే వెళ్ళిపోయి ఉంటాడు. అక్కణ్ణించి వదిన కంటే నేనే ఎక్కువ వెతికాను. భావనపాడు సముద్రం దాకా వెళ్ళి వెతికాను. ఎక్కడా లేడు. తర్వాత నాకు పిల్లలు పుట్టారు, ప్రయాణాలు తగ్గాయి, వదిన ఒక్కత్తే వెళ్ళి వచ్చేది.

మనిషి జాడ పన్నెండేళ్ళు తెలియకపోతే, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేస్తారు. వదిన అత్తవారు గడువు కోసమే చూస్తున్నట్టు, పన్నెండు నిండగానే శ్రీకూర్మం దగ్గర సముద్రపొడ్డున ఆ పని పెట్టారు. దర్భల బొమ్మకి నిప్పు పెడితే చిటికెలో అయిపోయింది. ఆడవాళ్ళు వదిన గాజులు తీస్తుంటే నేను పక్కన నించున్నాను. బతికున్న మనిషిని నా కళ్ళతో చూశానని ఒక్క మాట అంటే ఆ చేతులు ఆగేవి. ఎప్పుడు చూశావంటారు, ఎందుకు దాచావంటారు. రెండోసారి కూడా దాచేశాను.

స్నానానికి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి తీసుకెళ్తుంటే వదిన నా వైపు చూడకుండానే అంది. "ముకలింగం ఎల్లొచ్చిన రోజు నువ్వు సిమ్మిలి తినలేదు."

పట్టుకున్న చెయ్యి వదలబోయాను, వదిన వదల్లేదు.

"అప్పుడే అడగాల్సింది. కావాలనే నన్నొగ్గేసినాడని సెప్తావేమోనని బయమేసినాది. వెతుక్కుంటా ఉంటే కనీసం వెతుక్కోడమైనా ఉంటాది గదా."

ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. నుదుట బొట్టు లేకుండా ఇంకో ఆరేళ్ళు బతికి పోయింది. ఆయన అంతకు ముందే పోయాడో, తర్వాత పోయాడో, ఆమె మొహాన బొట్టు ఎన్నాళ్ళు ఉండాల్సిందో, ఎవరికీ తెలియదు.

మనవరాలు రాసుకోవడం అయిపోయింది. "ముఖలింగానికి అరపూట చాలు కదా మామ్మా?" అంది. చాలన్నాను. ఇరవయ్యేళ్ళప్పుడు నాకు నెలలకి కొదవ ఉన్నట్టు అనిపించలేదు, వచ్చే నెల చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని వందల నెలలొచ్చాయో, ఆ వచ్చే నెల మాత్రం రాలేదు.