ఫోను గుర్తుపట్టని వీరదుర్గ

వరద తీసీ తీయని రోజుల్లో చేపల వేటకు వెళ్ళిన పల్లంరాజు పడవ గోదావరిలో బోల్తా పడింది. మర్నాటిదాకా మనిషి జాడ లేదు. నది మధ్య లంకలో చెట్టు పట్టుకుని బతికే ఉన్నాడన్న కబురు వచ్చేసరికి, అతని భార్య వీరదుర్గ అంతర్వేది స్వామికి తలనీలాలు మొక్కేసుకుని ఉంది. ఆ వారమే వెళ్ళి మొక్కు తీర్చుకుంది. నడుం దాటిన జుట్టు పోయిందన్న దిగులు ఆమెకు లేదు. మనిషి దక్కాడు, అంతే చాలు.

చిక్కు ఆ తరవాత మొదలైంది. వీరదుర్గ మునిసిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లారకముందే మేస్త్రీ జీవరాజు ఫోను ముందు ముఖం పెడితేనే హాజరు పడుతుంది. అంతర్వేది నుంచి వచ్చి ముఖం పెడితే, ఫోను ఎర్రగా మెరిసి సరిపోలలేదంది. బొట్టు సరిచేసుకుంది, కొంగు కప్పుకుంది, తీసేసింది. ఊహూఁ.

"నువ్వెవరో నాకు తెలుసు దుర్గమ్మా. ఈ ఫోనుకి తెలియాలి కదా," అన్నాడు జీవరాజు.

కాగితం మీద హాజరు ఎప్పుడో ఎత్తేశారు. ఆమె రోజూ వీధి ఊడుస్తూనే ఉంది. ఫోను రోజూ ఆమె రాలేదంటూనే ఉంది. ఇలాగే సాగితే తీసేసి ఇంకొకరిని పెడతారని తోటివాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళలో తలుపులమ్మ జాలిపడి, తన కూతురు నాట్యానికి వాడిన విగ్గు తెచ్చిచ్చింది.

ఇంట్లో అద్దం ముందు పెట్టుకు చూస్తే పాత వీరదుర్గే. ఫోను పట్టేస్తుందేమో అని ఆశ పుట్టింది. అయినా మనసొప్పక తీసేసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పల్లంరాజు దగ్గరికొచ్చాడు.

"నా కోసం ఇచ్చిన జుట్టు. దాన్ని దాచుకోవడమెందుకే? ఆఫీసుకి పద, నేనూ వస్తాను."

ఫిర్యాదులు తీసుకునే సోమవారం ఇద్దరూ వెళ్ళారు. ఫొటో మార్చాలంటే పైఆఫీసు అనుమతి కావాలనీ, అది ఎప్పటికొస్తుందో తనకూ తెలియదనీ కంప్యూటర్ల గదిలో ఉమాశ్రీ చెప్పింది. వీరదుర్గ కదల్లేదు. కమిషనర్ గారు పిలిచేదాకా కూర్చుని, ఆయన ఎదుట తలమీది కొంగు తీసి నిలబడింది.

"నేను పని మానలేదండి. మొక్కు తీర్చుకున్నానండి. అది తప్పయితే చెప్పండి."

ఆయన జీవరాజుని పిలిపించి అడిగారు. ఇన్నాళ్ళూ భయపడి ఊరుకున్న జీవరాజు, ఈమె ఒక్కరోజు కూడా మానలేదనీ, కంటి ఆపరేషనైన ఇంకో కార్మికుడిదీ ఇదే గొడవనీ బయటపెట్టాడు. కమిషనర్ గారు అప్పటికప్పుడు పైఆఫీసుకి ఫోను చేశారు. అనుమతి వచ్చేదాకా మేస్త్రీ సంతకంతో హాజరు వేయమన్నారు, పోయిన రోజులూ కలపమన్నారు. బయటికొచ్చాక వీరదుర్గ మెట్లమీదే కూలబడి, భర్త చేయి పట్టుకుని తృప్తిగా ఏడ్చింది.

అనుమతి వచ్చాక ఉమాశ్రీయే కబురు పెట్టి, కిటికీ వెలుతురులో నిలబెట్టి కొత్త ఫొటో తీసింది.

"జుట్టు పెరిగాక మళ్ళీ ఇదే తంతా అండి?" అని అడిగింది వీరదుర్గ.

"పెరిగాక రండి, ఇంకోటి తీస్తాను. ఇప్పుడు ఫొటో మార్చే అధికారం మాకే ఇచ్చారు," అని ఉమాశ్రీ నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఫోను పచ్చగా వెలిగింది. ఆమెకన్నా ముందు జీవరాజే "హమ్మయ్య" అన్నాడు. వీరదుర్గ ఆ పచ్చరంగుని ఓ క్షణం తనివితీరా చూసుకుని, చీపురు తీసుకుని తన వీధివైపు నడిచింది.