చిన్నమణి మామ చదివిన బోర్డు

మా చిన్నమణి మామకు నోటి కన్నా ముందు చెయ్యి లేచేది. పదహారేళ్ళకే గుడియాత్తంలో లుంగీలు నేసే షెడ్డులో పనికి చేరాడు. దారం తెగిందని అక్కడి మేస్త్రీ ఒక ఆడమనిషిని జుట్టు పట్టి ఈడిస్తే, మామ మగ్గంలో దారంతో అటూ ఇటూ ఆడే నాడె పెరికి వాడి మూతి మీద కొట్టాడు. ఇనుప మొన తగిలి రెండు పళ్ళు రాలాయి, మామ పని ఊడింది. మా అమ్మ అది తన తమ్ముడి ధైర్యమని ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేను పొగరంటాను. రెండూ నిజమే అయ్యుంటాయి.

తరువాత డ్రైవింగ్ నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఊళ్ళవాళ్ళ బండ్లు తోలి, చివరికి పదమూడు సీట్ల పాత వ్యాను కొనుక్కున్నాడు. ఆదివారం పొద్దున వేలూరులో జనాన్ని ఎక్కించుకుని, ఏదో ఒక కొండో ఆనకట్టో చూపించి, చీకటి పడకముందే తిరిగి దించేవాడు. ఎక్కడికి పోవాలో, ఎక్కడ ఆగాలో పథకం వేసేది నేను. ఆరుకు కాట్పాడి, ఆరున్నరకు లత్తేరిలో టీ, ఏడున్నరకు గుడియాత్తంలో ఇడ్లీ, పదికల్లా నీళ్ళ దగ్గర, తిరిగి వచ్చేటప్పుడు ఆంబూరులో బిరియానీ. గురువారం ఇదంతా ఫోనులో పెడితే శుక్రవారానికి సీట్లు నిండేవి.

మామ బండిలో ఆడపిల్లల్ని భయం లేకుండా పంపవచ్చని వేలూరంతా పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి మోర్దానా ఆనకట్ట దగ్గర ఒకడు తాగి సీసాను బండకేసి పగలగొట్టాడు. మామ వాణ్ణి మెడబట్టి వంచి, గాజు పెంకులన్నీ వట్టి చేతులతో ఏరించాడు. వాడి వేళ్ళు తెగి రక్తం కారుతున్నా ఆఖరి పెంకు దాకా వదల్లేదు. బండిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వాడి వేళ్ళకు చుట్టడానికి గుడ్డ వెతికాను.

ఇంకో సంగతి చెప్పాలి. మాది ఇంట్లో తెలుగు, బడిలో అరవం. ఎన్ని తరాలుగా ఈ అరవ దేశంలో ఉన్నామో మాకే తెలీదు. తెలుగు గడగడా మాట్లాడతాం, అక్షరం మాత్రం రాదు. మావాళ్ళలో ఎక్కువమంది రాదని నవ్వుతూ చెప్పేస్తారు. మామ చెప్పడు. చిత్తూరు నుంచి వేలూరు ఆస్పత్రికి వచ్చిన వాళ్ళతోనూ, తిరుపతి పోయేవాళ్ళతోనూ తెలుగు మాట్లాడి మాట్లాడి, తెలుగు చిన్నమణి అని బిరుదు తెచ్చుకున్న మనిషి. ఒకసారి పలమనేరు నుంచి పెళ్ళి పత్రిక వస్తే అద్దాలు పెట్టుకుని చూసి, శుక్రవారం అన్నాడు. మేమంతా పట్టుచీరలు కట్టుకుని పోయేసరికి అక్కడ పందిరి విప్పుతున్నారు. పెళ్ళి గురువారం. పత్రిక తప్పు అచ్చు వేశారని మామ పెళ్ళికొడుకు చిన్నాన్న చొక్కా పట్టుకున్నాడు. మామకు చదవడం రాదని నాకు ఆ రోజే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది ఆగస్టులో కొత్త చోటు కావాలని అందరూ అడుగుతుంటే, నేనే వెతికి ఒక జలపాతం పట్టుకున్నాను. పలమనేరు రోడ్డులో ఆంధ్రా సరిహద్దు దాటాక అడవిలో ఉంటుంది. పేరు రాయను. రాస్తే మళ్ళీ ఎవరో ఒకరు పోతారు. తెలిసినవాళ్ళు ఎవరూ లేని చోటని మామ వెనకాడాడు. అది తెలుగు ఊరే కదా, నీకేం భయమని నేనే ఎగదోశాను.

ఆ ఆదివారం బండిలో ఎక్కువమంది ఆంబూరు చెప్పుల కంపెనీ ఆఫీసు వాళ్ళు. వాళ్ళలో యోగిత ఒకతి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, మా నాయుళ్ళ పిల్లే. తోడుగా అన్న విజయ్‌ని తెచ్చుకుంది. దారి పొడుగునా మామను ఆటపట్టిస్తూనే ఉంది. మామ కూడా నవ్వాడు, అది అరుదు.

బండి దిగి అరమైలు నడిస్తే జలపాతం కింది ఏరు. అక్కడ చెట్టుకు ఒక పసుపు బోర్డు, దాని మీద ఎర్ర అక్షరాలు నాలుగు వరుసలు. విజయ్ దాని ముందు ఆగాడు.

“అన్నా, మాట్లాడేదే గాని చదివేది నాకు రాదు. ఏమని ఉండాది దీంట్లో?”

మామ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తల ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమ నుంచి కుడికి తిప్పాడు. నాలుగు వరుసలకూ నాలుగు సార్లు.

“ప్లాస్టిక్ యాడబడితే ఆడ పారేయొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు అని ఉండాది లేప్పా.”

నేను అన్నం బుట్ట మోసుకుంటూ వెనకే ఉన్నాను. అబద్ధమని నాకు తెలుసు. నవ్వు కూడా వచ్చింది. అడవి బోర్డుల్లో ఇంకేముంటుందిలే, పదిమందిలో మామ పరువు తీయడమెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

మోకాటి లోతు నీళ్ళు. ఎండ బాగా కాస్తోంది. అందరూ దిగారు. పదకొండున్నర ప్రాంతంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ముందు సన్నటి చారగా, తరువాత ఏరంతా ఎర్రమట్టి కలిపినట్టు. పైన ఆవులు దాటి ఉంటాయని మామ అన్నాడు. యోగిత నడుమ బండ ఎక్కి, ఈ రంగు చూడండని మమ్మల్ని పిలిచి, అన్న చేత ఫోటోలు తీయించుకుంది. దాదాపు పది నిమిషాలు అలాగే ఉన్నాం. పది నిమిషాల్లో అందరూ నడిచి ఒడ్డెక్కవచ్చు, నడుమ మంచినీళ్ళు తాగడానికి ఆగినా.

తరువాత కొండ మీద బండరాళ్ళు దొర్లుతున్న చప్పుడు. తల ఎత్తేసరికి ఏరు నిలువునా లేచి వచ్చింది. నీళ్ళు కాదు, బురదా రాళ్ళూ పెరికిన చెట్లూ. ఒడ్డు దగ్గరున్నవాళ్ళు ఒకరినొకరు తొక్కుకుని ఎక్కారు. నా ముందున్నతని మోకాలు బండకు కొట్టుకుని చిప్ప పగిలింది. నడుమ బండ మీద యోగిత ఒక్కతే మిగిలింది. ఒక మొద్దు వచ్చి ఆమె నడుముకు తగిలింది. విజయ్ దూకబోతే నలుగురు పట్టుకున్నారు. మామ అప్పటికే దూకాడు.

ఆ పిల్ల చున్నీ పట్టుకుంటే చున్నీ ఒక్కటే చేతికి వచ్చింది. వదిలి జుట్టు పట్టాడు. ఆ పట్టుతోనే ఈడ్చుకుంటూ ఒడ్డుకు నాలుగడుగుల దాకా వచ్చాడు. అప్పుడు ఒక రాయి వచ్చి మామ ఎడమ చేతిని బండకేసి నలిపింది. మోచేతి కింద ఎముక బయటికి వచ్చింది. పట్టు వదిలింది. యోగిత మామా అని అరిచిందో అన్నా అని అరిచిందో నాకు సరిగా వినిపించలేదు.

మామను మేం ఒడ్డుకు లాగి చేతికి తువ్వాలు చుడితే, ఆయనా మాతో పాటు వెతకడానికి వచ్చాడు. యోగిత రెండు మైళ్ళ దిగువన పొదల్లో దొరికింది. ముఖం ముఖంలా లేదు. విజయ్ చెప్పులు చూసి గుర్తుపట్టాడు.

అక్కడే పక్కన పడి ఉన్న కొమ్మ తీసుకుని అతను మామను కొట్టాడు. వీపు మీద, తల మీద, విరిగిన చేతి మీద. ఇట్లాంటి చోటికి ఎందుకు తెచ్చినావని అడుగుతూ, కొమ్మ విరిగేదాకా కొట్టాడు. అడ్డం పోయిన నాకు కూడా రెండు తగిలాయి. మామ తల వంచుకుని కూర్చున్నాడు.

పోలీసులు వచ్చారు. వాళ్ళు అడగాల్సినవన్నీ అడిగి, అందరం ఆ చెట్టు దాకా తిరిగి వచ్చాక నేను ఒక కానిస్టేబులును పక్కకు పిలిచి, ఆ బోర్డు చదివి చెప్పమన్నాను. ఆయన నన్ను వింతగా చూసి చదివాడు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఏరు ఒక్కసారిగా వస్తుంది. నీళ్ళు ఎర్రబడితే వెంటనే ఒడ్డెక్కండి. వెనక్కి తిరిగితే మామ అక్కడే ఉన్నాడు. ఆయనా విన్నాడు.

వేలూరులో చేతికి రెండు ఆపరేషన్లు చేశారు. పక్కన కూర్చుని నేను ఒకటే చెప్పాను. ఇది మన ఇద్దరికే తెలుసు, చెప్పినా ఆ పిల్ల రాదు, నోరు మూసుకో. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పన్నెండో రోజు విజయ్ వచ్చాడు. చేతిలో ద్రాక్షపండ్ల సంచి. మంచం పక్కన నిలబడి, కట్టు కట్టిన చేతిని చూసి ఏడ్చాడు. కూడబుట్టిన నేను ఒడ్డున నిలబడితే నువ్వు దూకినావు, నిన్ను పశువును కొట్టినట్టు కొట్టినాను, మన్నించమని వంగి మామ కాళ్ళు పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడవద్దని నేను మామకు కళ్ళతో సైగ చేశాను.

మామ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

“నాకు మొక్కొద్దప్పా. ఆ బోర్డు నేను చదవలేదు. నాకు తెలుగు చదివేది రాదు. నువ్వు రాదంటివి. నేను అనలేకపోతిని. వాన వస్తే ఏరు వస్తాది, నీళ్ళు ఎర్రబడితే ఒడ్డెక్కమని ఉండాది ఆడ. నేను కోతులని చెప్పినాను.”

విజయ్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పెదవులు కదిలాయి, ఎర్రబడితే అనుకుంటున్నట్టు. ఆ ఎర్రనీళ్ళ ఫోటోలు ఇంకా అతని ఫోనులోనే ఉన్నాయి. మామను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నావైపు తిరిగాడు.

“అక్కా, నువ్వు వెనకనే ఉంటివి గదా. ఆయనకు రాదని నీకు తెలుసునా?”

తెలీదని చెప్పడం ఎంత సులువో ఆ క్షణంలో నాకు తెలిసింది.

“తెలుసు నాయనా” అన్నాను.

అతని మొదటి దెబ్బకు నా తల గోడకు తగిలింది. అవతలి మంచం దగ్గరి నర్సు అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, అతన్ని ఆపొద్దని ఆమెకే చెప్పాను.