మోహసిన్ తడిమి చూడని అంచు

మెదక్‌లో లైసెన్సున్న తుపాకుల మిస్త్రీ అంటే ముప్పై ఏళ్లుగా మోహసిన్ ఒక్కడే. తుపాకులు తగ్గిపోయాక తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేస్తూ దుకాణం నెట్టుకొస్తున్నాడు. రెండేళ్లుగా కుడికంట్లో పొర పెరుగుతోంది. దవాఖానకు పొమ్మని భార్య షంషాద్ పోరినప్పుడల్లా, తన పని వేళ్లతో అని తప్పించుకునేవాడు.

శివ్వంపేట రైతు అమరేందర్ తన పాయింట్ ట్వంటీటూ రివాల్వర్ తెచ్చిన రోజు కూడా వేళ్లతోనే చూశాడు. తూటాలుండే సిలిండర్‌ను పట్టి కదిపితే ముందుకూ వెనక్కూ ఆడింది. లోపల సన్నటి ఉక్కు వాషర్ వేసి ఆ వదులు తీసేశాడు. తన డబ్బాలోని ఖాళీ తూటాలు పెట్టి తిప్పితే మెత్తగా తిరిగింది.

"రేపు మట్టికుప్పకు ఒకసారి కాల్చి చూడుండ్రి పటేలా," అని చెప్పి పంపాడు.

మర్నాడు పొద్దున బల్ల తుడుస్తుంటే, అమరేందర్ తను కాల్చే రకానికి నమూనాగా పెట్టిపోయిన రెండు ఖాళీ తూటాలు చేతికి తగిలాయి. ఊరికే తడిమాడు. అడుగున చుట్టూ ఉండే అంచు మందంగా ఉంది. మందం కొలిచే మైక్రోమీటర్‌లో బిగించి, ఎడమకంటికి ఆనించుకుని చదివాడు. తన డబ్బాలోవి పాత కంపెనీవి, వాటి అంచు పలచన. వాషర్ సిలిండర్‌ను వెనక్కి జరిపింది కనుక ఈ మందపు అంచులకు అక్కడ చోటు చాలదు. ఈ రకం తూటాకు నిప్పందుకునే మందు అంచులోనే ఉంటుంది. ఇరుక్కున్న సిలిండర్‌ను బలవంతంగా తిప్పితే, తూటా గొట్టానికి ఎదురుగా రాకముందే పేలొచ్చు.

ఫోన్ చేశాడు. స్విచాఫ్. నాలుగుసార్లు చేసినా అదే.

"ఎవ్వలకు గన్నిసార్లు చేస్తున్నవ్?" అంది షంషాద్.

"పటేల్ చెయ్యి పోతది. కాల్చి చూడుమని నేనే చెప్పిన."

శివ్వంపేటకు ఆటో మాట్లాడుకుని బయల్దేరాడు. దారంతా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా డ్రైవర్ నెమ్మదించడం అతనికి పగబట్టినట్టు అనిపించింది. అమరేందర్ బద్ధకంగా ఈ పూట పడుకుని ఉంటే బాగుండునని, జ్వరమొచ్చి లేవకపోయినా బాగుండునని కోరుకున్నాడు.

అమరేందర్ ట్రాక్టర్ షెడ్డు ముందు నిలబడి, బొటనవేలితో సిలిండర్‌ను నెడుతున్నాడు.

"తిప్పకుండ్రి పటేలా! చెయ్యి తీయుండ్రి."

"సగంల పట్టేసింది భాయ్. జర నూనె వేస్తే..."

"నూనెతోని కాదు. తప్పు నాది. గొట్టం మట్టికుప్ప దిక్కు పెట్టి, అట్లనే పట్టుకోండ్రి."

సిలిండర్‌ను పట్టి ఉంచే పక్క స్క్రూ వదులుచేస్తే సిలిండర్ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. అప్పుడు ఇరుకు వదులుతుంది. కానీ స్క్రూ గాడి మోహసిన్‌కు కనబడలేదు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. చెమట కంట్లోకి దిగింది.

అమరేందర్ భార్య యశోద దగ్గరికొచ్చింది.

"చెల్లె, గాడి యాడుందో చెప్పు."

"ఇంకజర ఎడమకు. ఆఁ, గక్కడ్నే."

మెల్లగా తిప్పాడు. సిలిండర్ వదిలింది. తూటాలు ఒక్కొక్కటే తీసి యశోద అరచేతిలో పెట్టాడు. ఒకదాని అంచు నొక్కుకుపోయి ఉంది. మోహసిన్ ఆ నొక్కును వేలితో తడిమి చూశాడు.

"నిన్ననే ఎందుకు చూడలే?" అన్నాడు అమరేందర్.

"నాకు కుడికన్ను కనబడతలేదు పటేలా. ఇంట్ల తప్ప ఎవ్వలకు చెప్పలే."

అమరేందర్ రివాల్వర్ తీసుకుని లోపలికి పోయాడు. తర్వాత దాన్ని హైదరాబాద్‌లో ఇంకో మిస్త్రీకి ఇచ్చాడని తెలిసి, మోహసిన్ ఆ మిస్త్రీకి ఫోన్ చేసి తానేసిన వాషర్ సంగతి, తన పొరపాటు దాచకుండా చెప్పాడు.

వారం తిరక్కముందే లైసెన్సు వాపసు ఇచ్చేశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు చాలావరకు వచ్చింది. లైసెన్సుకు మళ్లీ అర్జీ పెట్టుకోమని షంషాద్ అడిగితే, "వద్దు," అన్నాడు. ఇప్పుడు కుట్టుమిషన్లే బాగుచేస్తున్నాడు. బాగుచేసిన ప్రతి మిషన్ మీదా, తెచ్చిన మనిషిని ఎదుట కూర్చోబెట్టి కుట్టించి చూడనిదే ఇంటికి పంపడు.