రంగూన్ దాటాక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక యుద్ధ ఓడ ఉండేది. ఉండటమంటే మా తాతయ్య నోట్లో. దొరల కాలంలో ఆయన నేవీలో చేరి, పెద్ద యుద్ధం రోజుల్లో ఆ ఓడ బాయిలర్ గదిలో పనిచేశాడు. దాని పేరు తాతయ్య అచ్చం దొరలు పలికినట్టే పలికేవాడు. మాకు నోరు తిరగక ‘మా ఓడ’ అనేవాళ్లం. దాని చరిత్ర మా వీధి పిల్లలందరికీ ఎక్కాల్లా వచ్చు. ఇంగ్లండులో కట్టారు. బొంబాయి వచ్చింది. ఆ తర్వాత కొచ్చిన్, కొలంబో, ఏడెన్, బస్రా, కలకత్తా, రంగూన్. దొంగ తుపాకులు తెచ్చే పడవల్ని ఎక్కడ తరిమిందో, ఏ సరుకు ఓడల వెంట కాపలాగా వెళ్లిందో, ఏ రేవులో దొరలకు రొట్టె, మాంసం పెట్టి మనవాళ్లకు పురుగులన్నం పెట్టారో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. రంగూన్ దగ్గర మాత్రం ఆగిపోయేవాడు. “రంగూన్ నుంచి బయల్దేరాం” అని చుట్ట ముట్టించి లేచిపోయేవాడు. తర్వాతేమైందని వెంటపడితే, వల చిక్కు తీయాలనేవాడు. చిక్కు లేని వలకి కూడా.

మాది చేపలవేట ఇల్లు. వశిష్ట గోదావరికి ఇవతల మా ఊరు, అవతల నరసాపురం. ఇంకాస్త దిగువకు పోతే నది సముద్రంలో కలిసే మొగ. నేను ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాయాల్సిన ఏడాది సెంటరు నరసాపురంలో పడింది. మా ఊరి నుంచి నలుగురం వెళ్లాలి. నేను, పక్కింటి అక్క, కిరాణాకొట్టు వాళ్లబ్బాయి, మునసబు గారబ్బాయి. పక్కింటి అక్క కిందటేడాది తప్పింది. ఈసారీ తప్పితే బడి మాని తనతో రొయ్యలు ఒలవడానికి రావాల్సిందేనని వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది. అందుకని అక్క వారం రోజులుగా అన్నం కూడా పుస్తకం ముందు పెట్టుకునే తినేది.

మొదటి పరీక్ష రోజు తెల్లవారేసరికి మేం రేవులో ఉన్నాం. తీసుకెళ్తానన్న పడవాయన జ్వరంతో పడుకున్నాడని కబురొచ్చింది. మళ్లీ పడవ వచ్చేది పరీక్ష మొదలయ్యాకే. అక్క ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు తాతయ్య ఒడ్డున ఎండలో నెల రోజులుగా పడున్న తన పడవ వైపు చూశాడు.

ఎండలో ఉన్న పడవ చెక్క ఎండి కుంచించుకుపోతుంది, పలకల మధ్య సందులు పడతాయి. మళ్లీ నదిలో దింపే ముందు ఒడ్డునే ఒక రోజు నీళ్లలో ముంచి నానబెట్టాలి. చెక్క నీళ్లు తాగి ఉబ్బాక సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఇది పడవలున్న ఇళ్లలో పాకే పిల్లలకి కూడా తెలుసు. ముందురోజే నేను ఆ పడవ కింద దూరి ఆడుకుంటూ సందుల్లోంచి ఆకాశం చూశాను. తాతయ్య పంచె పట్టుకుని, “నానబెట్టలేదు కదా తాతయ్యా?” అన్నాను మెల్లగా. “సముద్రాలు తిరిగొచ్చినవాణ్ణే అమ్మడూ, ఈపాటి గోదారి దాటించలేనా? నీళ్లొచ్చేలోపు అవతలుంటాం” అన్నాడు. నిజానికి ఆయన ఓడలో తెడ్డు పట్టిందీ లేదు, చుక్కాని పట్టిందీ లేదు. అడుగున బాయిలర్ ముందు చెమటలు కక్కడమే ఆయన ఉద్యోగం. ఆ మాట నాకప్పుడు తట్టలేదు. తట్టినా అనేదాన్ని కాదు.

ఒడ్డు వదిలిన కాసేపటికే పాదాలు తడిశాయి. కిరాణాకొట్టు అబ్బాయి, పక్కనుంచి నీళ్లు చిందాయేమో అనుకుని కాళ్లు పైకి పెట్టుకున్నాడు. నాకు తెలుసు, అవి పక్కనుంచి రాలేదు. సరిగ్గా నడిగోదారికి వచ్చేసరికి నీళ్లు చీలమండ దాటాయి. పైగా అది పాటు వేళ, సముద్రం నది నీళ్లను తనవైపు లాక్కునే సమయం. పడవ ముక్కు నరసాపురం వైపున్నా, మేం పోతున్నది మాత్రం దిగువకి. మొగ దగ్గర విరిగే అలల హోరు సన్నగా వినిపిస్తోంది. పరికిణీ తడిసి కాళ్లకు చుట్టుకుపోయింది. నేను తాతయ్య మొహం వైపు చూశాను. ఆయన నావైపే చూస్తున్నాడు. తప్పు ఎవరిదో ఆ పడవలో ఇద్దరికే తెలుసు. నేను నోరు తెరిస్తే మిగిలిన ముగ్గురికీ ఆయన మీద నమ్మకం పోతుంది. తెరవకపోతే? అసలేం చేయాలో తెలియక పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను.

ఈలోపు మునసబు గారబ్బాయి కెవ్వున కేకవేసి లేచి నిలబడ్డాడు. వెనక్కి ఈదుకుంటూ పోతానంటాడు. పడవ ఒక పక్కకి ఒరిగి ఇంకో బిందెడు నీళ్లు లోపలికొచ్చాయి. తాతయ్య అరవలేదు. గొంతు తగ్గించి, “కెప్టెన్ గారూ, కూర్చోండి” అన్నాడు. ఆ అండీకి, ఆ గారూకి వాడు బిత్తరపోయి కూర్చున్నాడు. “అదిగో, అవతలొడ్డున రైసుమిల్లు గొట్టం కనబడతందా? మన ముక్కు దానిమీంచి తప్పితే చెప్పడం మీ డ్యూటీ. మిగతావాళ్లు క్యారేజీ గిన్నెలు తియ్యండి.” అక్క వాళ్లమ్మ చేసిచ్చిన పులిహోర, మా అమ్మ కట్టిన పెరుగన్నం, అన్నీ గోదారి పాలయ్యాయి. తాతయ్య తలగుడ్డ విప్పి చింపి, నీళ్లు ఎక్కువగా చిమ్ముతున్న సందులో కత్తి మొనతో కూరాడు. మళ్లీ తెడ్డందుకుని, “చెక్కకి దాహమేసింది. తాగడం అయ్యేదాకా మనం తోడాలి, అంతే పని” అన్నాడు. ఎంతసేపని కొట్టబ్బాయి అడిగాడు. “మన ఓడ రంగూన్ చేరేంతసేపు.”

అలా మొదలుపెట్టాడు. రేవు మారినప్పుడల్లా గిన్నె చేతులు మారాలి, ఒకరు ఊపిరి తీసుకోవాలి, ఇద్దరు తోడాలి. బొంబాయిలో ఓడకి రంగులు వేశారు, నేను తోడాను. కొచ్చిన్‌లో కొబ్బరికాయలు ఎక్కించారు, అక్క తోడింది. ఏడెన్‌లో వేడికి ఒక దొర సొమ్మసిల్లి పడితే మనవాళ్లు నవ్వాపుకున్న సంగతి తాతయ్య ఎప్పుడూ చెప్పేదే. ఆ రోజు కూడా చెప్పాడు. ఎవరం నవ్వలేదు, గిన్నెలు మాత్రం ఆగలేదు. “కెప్టెన్ గారూ, ముక్కు ఎక్కడుంది?” అని మధ్యమధ్యలో అడిగేవాడు. “మిల్లు దాటిపోయిందండి!” అని వీడు వణుకుతూ అరిచేవాడు. తాతయ్య భుజాల నరాలు తేలేలా తెడ్డు వేసేవాడు. బస్రా వచ్చేసరికి నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. కలకత్తా దగ్గర నా చేతులు పట్టు తప్పి గిన్నె దాదాపు నదిలో పడిపోయింది. మొగ హోరు ఇప్పుడు సన్నగా లేదు. మాట వినబడాలంటే తాతయ్య గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

రంగూన్ వచ్చింది. ముగ్గురం ఒక్కసారే తలెత్తి ఆయన వైపు చూశాం. కథ అయిపోయింది, నీళ్లు తగ్గలేదు. ఆ క్షణంలో వేసిన భయం నాకు మళ్లీ జీవితంలో వేయలేదు.

“రంగూన్ నుంచి బయల్దేరాం” అన్నాడు తాతయ్య. రెండు తెడ్లు వేశాడు. తర్వాత చెప్పాడు. బయల్దేరిన మూడోనాడు విమానం వచ్చి బాంబు వేసిందట. కింద బాయిలర్ గదిలో ఉన్నవాళ్లకి యుద్ధం కనబడదు, చప్పుడే వినబడుతుంది. ఆ చప్పుడుతోపాటు గోడ ఇనుము చిరిగి సముద్రం లోపలికి వచ్చిందట. దుప్పట్లు కూరారు, చెక్కలు అడ్డం కొట్టారు, పంపులు ఆగిపోతే బకెట్లతో తోడారు. పైనుంచి ఒక దొర, కిందికి మాటలు చేరవేసే గొట్టంలోంచి చెప్తూనే ఉన్నాడట, ఒడ్డు కనబడుతోంది, తోడుతూ ఉండండి అని. “తోడాం. తోడితే ఏమైంది? ఒడ్డుకి చేరింది మన ఓడ” అన్నాడు తాతయ్య. మేం ఎన్నడూ వినని కథ అది. చెవులు కథకిచ్చి, చేతులు మాత్రం ఆపకుండా తోడాం. ఎంతసేపు తోడామో తెలియదు. ఉన్నట్టుండి అక్క గిన్నె అడుగు చెక్కకి గీసుకుని కర్రుమంది. తను మళ్లీ ముంచింది. మళ్లీ అదే చప్పుడు. “తాతయ్యా, గిన్నె మునగట్లేదు!” అంది. సందులు మూసుకున్నాయి.

నరసాపురానికి చాలా దిగువన బురదగట్టుకి కొట్టుకొచ్చాం. అక్కడినుంచి పరుగు. పరీక్ష మొదలై పావుగంట అయింది. తడిబట్టలతో, అక్షరాలు అలుక్కుపోయిన హాల్ టికెట్లతో వరండాలో నిలబడ్డ మమ్మల్ని చూసి, అక్కడున్న మాస్టారు ఏమీ అడగకుండా నాలుగు పేపర్లు చేతిలో పెట్టారు. ఏం రాశానో ఒక్క ముక్క గుర్తులేదు. అక్క మాత్రం ఆ ఏడాది పాసైంది.

మమ్మల్ని సాయంత్రం పెద్ద పడవలో పంపించి, తాతయ్య తన పడవను ఒక్కడే తెచ్చుకున్నాడు. రేవులో దిగగానే ఇంటికి పోతాడనుకున్నాను. పోలేదు. “రా అమ్మడూ” అని నన్ను వెంటపెట్టుకుని ముందు పక్కింటికి, తర్వాత కిరాణాకొట్టుకి, ఆఖరికి మునసబు గారింటికి వెళ్లాడు. పడవ నానబెట్టకుండా దింపానని, పిల్లలు మునిగిపోబోయారని, తప్పు తనదేనని మూడు చోట్లా ఒకటే మాట చెప్పాడు. అక్క వాళ్లమ్మ ఏడ్చింది. కొట్టాయన తలుపు వేసేశాడు. మునసబు గారు వాకిట్లో నిలబెట్టి తిట్టారు. “ఓడల కబుర్లు చెప్పుకుంటూ పిల్లల్ని పొట్టన పెట్టుకునేవాడివి కదరా ముసలాడా!” అన్నారు. లోపలినుంచి వాళ్లబ్బాయి తొంగిచూసి, “అవతలికి దాటించింది తాతే కదా నాన్నా” అన్నాడు. దానికి మా తాతయ్య, “దాటించానండి. ఆ పడవెక్కించిందీ నేనేనండి” అన్నాడు. తిట్లన్నీ అయిపోయేదాకా తలవంచుకుని అక్కడే నిలబడ్డాడు. నాకు అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొస్తూ ఉక్రోషంగా అడిగేశాను. “ఎందుకు చెప్పావు? నేనెవరికీ చెప్పేదాన్ని కాదు కదా!” ఆయన నడుస్తూనే ఉన్నాడు. కోపం తగ్గక ఇంకోటి కూడా అడిగాను, ఓడ ఒడ్డుకి చేరిన అంత మంచి కథని ఇన్నేళ్లూ ఎందుకు దాచావని.

తాతయ్య గట్టు మీద ఆగాడు. “చేరలేదమ్మా. ఆ ఓడ అక్కడే మునిగిపోయింది” అన్నాడు.

ఆ రోజు పడవలో చెప్పని మిగతాది అక్కడ చెప్పాడు. గొట్టంలోంచి దొర ఒడ్డు కనబడుతోందన్నప్పుడు చుట్టుపక్కల ఎక్కడా ఒడ్డు లేదు. ఆ మాట నమ్మి అందరూ తోడుతూనే ఉన్నారు. బాయిలర్ గదిలోంచి పైకి తేలింది తాతయ్య, ఇంకొకతను, అంతే. “అబద్ధం చెప్పాడని నాకు కోపం లేదు. ఆ మాట చెప్పకపోతే ఆ కాసేపు కూడా తోడేవాళ్లం కాదు, మేమిద్దరం కూడా మిగిలేవాళ్లం కాదు. ఇయ్యాల పడవలో నేనూ అదే చెప్పాను కదా. కానీ ఆ దొర కూడా బతికాడు. ఆస్పత్రిలో నా ఎదురు మంచమే. నెల రోజులున్నాం. ఒక్కరోజన్నా ఇటు తిరిగి, మీకు అబద్ధం చెప్పానయ్యా అనలేదు. అంటాడని రోజూ చూశాను” అన్నాడు. ఓడ చరిత్ర రాసిన కాగితంలో ఆఖరిదాకా అందరూ ధైర్యంగా నిలబడ్డారని రాశారటమ్మా, అని నవ్వాడు. అది నవ్వు కాదని తెలిసే వయసు నాకు అప్పటికే వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాను.

తాతయ్య పోయి ఎన్నో ఏళ్లయింది. నేను నర్సునై, రిటైరయ్యేదాకా ప్రసూతి వార్డులోనే పనిచేశాను. “అయిపోవచ్చింది తల్లీ, ఇంకొక్క నొప్పి” అని ఎంతమందితో అన్నానో లెక్కలేదు. అందులో సగం అబద్ధం. మర్నాడు మంచం దగ్గరికి వెళ్లి, “నిన్న నీకు అప్పటికి సగం కూడా కాలేదమ్మా, ఊరికే అన్నాను” అని చెప్పేదాన్ని. చాలామంది నవ్వి నా చేతిమీద ఒక్కటి వేసేవాళ్లు.

ఒకమ్మాయి నవ్వలేదు. ఆ పిల్ల నొప్పులు పడుతున్నప్పుడే బిడ్డ గుండె చప్పుడు ఆగిపోయింది. నాకు తెలుసు. తెలిసే, బిడ్డ వచ్చేస్తోంది, బలం పెట్టమ్మా అన్నాను. తల్లి దక్కింది. మర్నాడు నా డ్యూటీ కాకపోయినా వెళ్లాను. స్టూలు లాక్కుని ఆ మంచం పక్కన కూర్చుని, నిన్న నాకు ముందే తెలుసమ్మా, తెలిసే నీకు చెప్పలేదు అన్నాను. ఆ పిల్ల నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. వార్డంతా మమ్మల్నే చూస్తోంది. ఆయా వచ్చి, ఎందుకండీ మీకివన్నీ, వచ్చేయండి అంది.

తిట్లు అయిపోయేదాకా తాతయ్య మునసబు గారి వాకిట్లోంచి కదల్లేదు. నేనూ ఆ స్టూలు మీంచి కదల్లేదు.